కూర్మనాథం గారు కట్టుకున్న గజ్జెలు

1936 జూలై ఆరో తేదీన తెలుగు పండితులుగా ప్రభుత్వ సేవలో ప్రవేశించి, ముప్పై రెండేళ్ళ అనంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ కూర్మనాథం గారి సన్మాన సభకు తన అన్న గంగులును పిలవడానికి దాలయ్య మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ గంగులు గడప దాటి రాలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఈ వ్యాసం రాస్తున్న దాలయ్య వసతి గృహంలో వంటవాడు, నాలుగో తరగతితో చదువు మానినవాడు. అభినందనను నిష్ఠూరంతో మొదలుపెట్టడం మర్యాద కాదని అతనికి తెలుసు. కాని గంగులు ఊసు లేకుండా కూర్మనాథం గారి ఘనత చెప్పడం కుదరదు.

ఇరవై ఒక్క సంవత్సరాలు పాఠశాలల్లో భాషాబోధన గావించి, 1957లో వారు ఆమదాలవలస నిరుపేద బాలుర వసతి గృహానికి వార్డెనుగా విచ్చేశారు. అక్కడ కన్నవారు లేనివారూ, ఉన్నా పోషించలేక పంపినవారూ, ఏటేటా చేరే పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు. పేరడిగితే నేల చూసేవారు. గుండెకు రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని వలయంగా తిరుగుతూ పాడే తప్పెటగుళ్ళు వారిచేత ఆడించాలని కూర్మనాథం గారు సంకల్పించి, పాటను పద్యంలా రాగం తీసి నేర్పసాగారు. పొయ్యి దగ్గర దాలయ్య ఉండబట్టలేకపోయాడు.

"బాబూ, మీరు సాగదీసినంతసేపూ ఆల కాల్లు తిమ్మిరెక్కిపోతన్నాయి."

"అయితే నువ్వే నేర్పు. కూర మాడినా ఫరవాలేదు" అన్నారు వారు.

దాలయ్యది తప్పెటగుళ్ళ కుటుంబం. తండ్రి పోయాక తప్పెటలు గంగులుకూ, పన్నెండు జతల గజ్జెలు దాలయ్యకూ వచ్చాయి. అవి తండ్రి కాలి నుంచి కొడుకు కాలికే వెళ్ళాలన్నది ఆ ఇంటి కట్టడి. 1963లో శ్రీకూర్మం తిరునాళ్ళలో దాలయ్య వాటిని తొలిసారి ఆడబోతున్న పిల్లల ముందు పెడుతుండగా గంగులు జనాన్ని తోసుకుని వచ్చాడు.

"ఒరే దాలిగా, అయ్య గజ్జెలు ఊరూ పేరూ లేనోల్ల కాల్లకి కడతన్నావేట్రా? ముందు నీ పంతుల్ని కట్టుకోమను, సూద్దాం. ఆయన కడితే మరెవులికైనా కట్టుకో."

కూర్మనాథం గారు చెప్పులు విడిచి, ఒక జత అందుకుని కళ్ళకద్దుకున్నారు.

"ముడి ఎలా వెయ్యాలో చెప్పు గంగులూ."

 పిల్లల్లో పెద్దవాడు రాముడు కింద కూర్చుని ముడి వేశాడు. యాభై ఏళ్ళ పండితులు ఉత్తరీయం నడుముకు బిగించి, తప్పెట కట్టుకుని వలయంలో దిగారు. చెయ్యి ఒక దారి, పాదం ఒక దారి.

"ఎడం కాలు బాబూ. అది కుడి. ఎడం, ఎడం" అంటూనే ఉన్నాడు రాముడు.

జనం నవ్వారు, నవ్వుతూనే చప్పట్లతో తాళం అందుకున్నారు. మూడు చుట్లు తిరిగి, ఆయాసపడుతూ వచ్చి, "ఇక వీళ్ళకు కట్టు" అన్నారు వారు. గంగులు జనంలోంచి వెళ్ళిపోయాడు. నేల చూసే పిల్లలు ఆనాడు తలెత్తి పాడారు. ఈ ఐదేళ్ళలో అరవై ఊళ్ళలో పాడారు.

మరుసటి నెలలో గంగులు, తండ్రి పొలంలో తమ్ముడికి వాటా లేదన్నాడు. ఊరి పెద్దలు తగువు తీర్చడానికి రాలేదు. సంగతి తెలిసి కూర్మనాథం గారు వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నారు.

"నా మూలానే పోయింది కదూ దాలయ్యా?"

"మీ మూలాన్నే బాబూ. లెగండి, పిల్లలికి ఒడ్డించాల."

మోకాళ్ళు సడలక, గొంతు తగ్గక, కూర్మనాథం గారికి నిండు ఆయుష్షు కలగాలి. ఏటా శ్రీకూర్మం వచ్చి ఒక్క చుట్టైనా తప్పుటడుగులు వేయాలి. ఆనాడు వారు కట్టుకున్న జతను పిల్లలు మరెవరికీ కట్టలేదు. కొడుకు కాలికి వెళ్ళవలసిన ఆ జతను దాలయ్య నేడు వారి చేతుల్లో పెడుతున్నాడు. వాటి మూలంగా అతను పోగొట్టుకున్నది తండ్రి దున్నిన పల్లపు పొలం, నలభై మూడు సెంట్లు.