కూతురి చుక్క

గ్రంథాలయం హాల్లో, వైరస్ ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో కంప్యూటర్ తెర మీద చుక్కలతో చూపించే ప్రదర్శన ముగిసింది. అందరూ వెళ్ళిపోయినా ఒకావిడ మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. కంప్యూటర్ నడిపే ఉద్యోగి వైర్లు పీకబోయి ఆగాడు.

"ఎర్ర చుక్కంటే జబ్బు తగిలినవాళ్ళే కదా బాబూ?"

"అవునమ్మా. మాస్కులు పెట్టి, కిటికీలు తెరిస్తే ఎంత తగ్గుతుందో చూడండి."

"అది ఇందాకే చూశాను. నాకో ఇల్లు చూపించు. మంచంలో తల్లి. కూతురు ఆస్పత్రిలో పనిచేసి వస్తుంది. కొడుకు సరుకులు తెచ్చి, తల్లి దగ్గర కాసేపు కూర్చుని పోతాడు."

"కూతురికి మాస్కు పెట్టనా?"

"పెట్టు. స్నానం చేయనిదే ఆ గదిలో అడుగుపెట్టేది కాదు."

"కొడుక్కి?"

"వద్దు. ఉక్కపోస్తోందని జేబులో పెట్టుకునేవాడు."

"సరే... అయ్యో, తల్లికి కూతురి నుంచే అంటుకుంది."

"మళ్ళీ నొక్కు."

"మళ్ళీ కూతురే."

"ఇంకొక్కసారి బాబూ."

"ఈసారి కొడుకు. కూతురి చుక్క ఎర్రబడనేలేదు. చూడండమ్మా, నొక్కినప్పుడల్లా ఇది మారుతుంది. ఇలా జరగొచ్చని చెబుతుందంతే. మీ ఇంట్లో ఏం జరిగిందో దీనికి తెలీదు."

"మా అన్నయ్యకి తెలుసట. అమ్మని నేనే పొట్టన పెట్టుకున్నానని చుట్టాలందరికీ చెప్పాడు. అప్పట్నుంచీ నా గడప తొక్కలేదు."

"బాధపడకండమ్మా."

"ఈ బొమ్మ ఇలాగే ఉంచు. ఫోన్లో ఫొటో తీసుకుంటాను."

"వద్దమ్మా. ఇది సాక్ష్యం కాదు. దీన్ని పట్టుకెళ్ళి ఆయన్ని నిలదీస్తే అన్యాయం."

"అన్నయ్యకి చూపించడానికి కాదు బాబూ. నిద్ర పట్టనప్పుడు నేను చూసుకోవడానికి."