కారుకి కట్టిన వాసెన గుడ్డ

“మీ అమ్మ పెట్టిన ఆఖరి ఆవకాయని నీ కారు తినేసింది.”

ఆగిరిపల్లి మామిడితోటలో, బానెట్ ఎత్తిన పాత కారు ముందు నిలబడి తండ్రి కొడుకుతో అన్నాడు.

“కారేం తింటుంది నాన్నా? చల్లగాలి పీలుస్తుంది. ఇంజన్ దగ్గరి వేడిగాలి కాకుండా బయటి గాలి అందేలా పైపు పెట్టాను.”

“బోరు పైపు.”

“మిగిలిన ముక్కేలే. తోటలో దుమ్ము లోపలికి పోకుండా దాని మూతికి గుడ్డ కట్టాను.”

“ఆవకాయ జాడీ మూతికున్న వాసెన గుడ్డ విప్పి.”

“అంత దట్టమైన గుడ్డ ఇంట్లో ఇంకోటి లేదు. పైగా నూనె పట్టి ఉంది, దుమ్ము దానికే అతుక్కుంటుంది.”

“నూనె ఒక్కటేనా, కారం కూడా ఉంది. బండి బాగా లాగుతోందా?”

“నూజివీడు రోడ్డులో రెండుసార్లు తుమ్మింది.”

“తుమ్మదా మరి? ఇంట్లో జాడీలోకి గాలిపోయి పైనంతా బూజు పట్టింది.”

“అమ్మ పోయినప్పట్నుంచీ ఆ జాడీ నువ్వు ముట్టవు, నన్ను ముట్టనివ్వవు. ఎవరి కోసం దాచావు?”

“అయిపోతే మళ్లీ ఎవరు పెడతారురా?”

“పై పొర తీసి పారేశాను. అడుగున బాగానే ఉంది.”

“నీకెలా తెలుసు?”

“పొద్దున అన్నంలో కలుపుకున్నాను.”

తండ్రి బానెట్ దించేశాడు.

“ఉప్పు?”

“కొంచెం ఎక్కువైంది.”

“మీ అమ్మ చెయ్యెప్పుడూ అంతే. పద, నాకూ వడ్డించు. ఈ జాడీ సంగతి ఇక చచ్చేదాకా నా నోట రాదు. నువ్వూ ఎత్తకు.”