మూడో వరస నవ్వు

అబ్బో, ఇప్పుడా రావడం? ఫారాలకి నిన్నే ఆఖరు అని గుమ్మానికి అంత పెద్ద కాగితం అంటించాం, కనపడలేదా, మందా? పదకొండేళ్లు మా నాటక మండలి గడప తొక్కనిదానివి, సరిగ్గా పోటీల ముందు గుర్తొచ్చామా!

సర్లే, కూర్చో. కిరీటాల మీద కాదమ్మా, ఆ బెంచీ మీద.

పనికేం, బోలెడుంది. తెర లాగేవాడికి మోకాలి ఆపరేషన్. విరామంలో బటాటా వడలు అమ్మేవాళ్లు లేరు. తొమ్మిది గజాల చీరలు పద్నాలుగున్నాయి, ఇస్త్రీ చెయ్యాలి. ఏది రాయమంటావు?

ఏంటీ? నాయనమ్మ వేషమా? హవ్వ! సాంగ్లీలో ఇంకెవరూ దొరకలేదనుకున్నావా? ఏమిటీ, రోజూ అద్దం ముందు నాయనమ్మ మాటలు చెప్పుకుంటున్నావా? మీ ఆయన బాగుందన్నాడా? అనక ఏం చేస్తాడు పాపం, వంట నువ్వేగా చేసేది.

మనచేత నాటకాలు ఆడించే దామూ అణ్ణా మంచాన పడ్డాక వేషాలు పంచేది నేనే. ఇక్కడ ఈ సుమన్‌తాయి ఔనంటే ఔను, కాదంటే కాదు. చూడు, పోయినసారి నిన్ను ఎక్కించి ఏం బావుకున్నాం? కొడుకు కృష్ణలో మునిగి చచ్చిపోతే తల్లి ఏడ్చే ఘట్టం. హాలు హాలంతా గొల్లుమని నవ్వింది. చేతిదాకా వచ్చిన బహుమతి పోయింది. తోడికోడలు వేషానికైనా పనికిరావని అణ్ణా అందరి ముందూ తిట్టాడు, గుర్తుందా?

ఏడవకు. ఏంటీ? వేషం ఇవ్వకపోయినా సరే, ఆ రోజు ఏం తప్పు చేశావో చెబితే చాలా? ఇన్నేళ్లూ అదే ఆలోచిస్తున్నావా? రామ రామ!

తలుపు దగ్గరగా వెయ్యి. చెప్తా.

మొదటి అంకంలో హాస్యం దగ్గర నవ్వు మొదలుపెట్టడానికి ఆ ఏడు ప్రతి ఆటకీ అణ్ణా నన్ను మూడో వరసలో కూర్చోబెట్టేవాడు కదా? నా గొంతు పెద్దదని. నేను నవ్వితే హాల్లో అక్కడక్కడా కూర్చోబెట్టిన మనవాళ్లు నవ్వాలి, వాళ్లని చూసి జనం నవ్వాలి. అదీ పద్ధతి. పదేళ్లు కథానాయిక వేషాలు కట్టినదాన్ని, ఆ ఏడు నీకు ముఖ్య వేషం ఇచ్చి నన్ను నవ్వడానికి కూర్చోబెట్టాడు. ఎలా ఉంటుందే మరి? నువ్వే చెప్పు!

నువ్వు పిల్లాడి చొక్కా మొహానికి అదుముకుని అలా నిలబడ్డావు. మాట లేదు, కదలిక లేదు. హాల్లో దగ్గేవాడు కూడా దగ్గు మింగేశాడు. నా పక్కన ముసలాయన పంచె అంచుతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు నవ్వాను. నేనేనే! గట్టిగా, పకపకా. అలవాటు ప్రకారం మనవాళ్లు అందుకున్నారు. వెనక పిల్లలు ఈలలేశారు. నీకు కంగారులో గొంతు కీచుమంది చూడు, అప్పుడిక నిజంగానే నవ్వారు.

దీపాలు నీ కళ్లల్లో పడుతుంటే నీకేం కనపడుతుంది? అణ్ణా అడిగితే వెనకనించి మొదలైందన్నాను. రాత్రి నువ్వు నా భుజం మీద పడి ఏడిస్తే, నటన అందరికీ రాదులే మందా అని వీపు నిమిరాను. చేతులారా నిమిరాను.

తప్పా? నువ్వేం తప్పూ చెయ్యలేదు. నన్నూ ఏడిపించావే! నవ్వుతుంటే నీళ్లు కారాయి, నవ్వీ నవ్వీ కారాయనుకున్నారు జనం.

అలా చూడకు. వెళ్లి చెప్పుకో ఎవరికైనా. పదకొండేళ్ల తరవాత ఎవరు నమ్ముతారు?

వేషం మాత్రం ఇవ్వను. బాగా చెయ్యవని కాదు. చేస్తావు, ఆనాటి దాన్ని మించి చేస్తావు. అరవై దాటాయే నాకు, మళ్లీ అలా నవ్వే ఓపిక లేదు.