పరాయి పిల్లకి పోసిన నీళ్ళు

పున్నమ్మ అని పెద్దకోడలు. తన గదిలో కూర్చున్నా దాని కళ్ళెప్పుడూ తోడికోడలు గదిలోనే ఉండేయంట. తోడికోడలి పేరు చెంచులు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, పైన అత్త బసవమ్మ. ఏమైందంటే, పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండక, మొక్కని దేవుడు లేకుండా మొక్కి, పున్నమ్మ ఎట్టనో ఒక ఆడపిల్లని కనిందంట. ఇంక సంతోషపడొచ్చు గదా? పడనిచ్చిందా ఆ చెంచులు! నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన పిల్ల, అదే నెలలో తనూ ఒక ఆడపిల్లని కనేసిందంట. "నేను ఇన్నేళ్ళు ఏడ్చి తెచ్చుకున్నదాన్ని ఇది వచ్చీరాంగానే తెచ్చుకునిందే" అని పున్నమ్మ కుళ్ళిపోయిందనుకో.

పోనీ ఇద్దరు పిల్లలూ ఒక తీరుగా ఉన్నారా అంటే, లేరు. చెంచులు బిడ్డ వొళ్ళు వెన్నముద్ద. పున్నమ్మ బిడ్డకేమో మెడ మడతలు, చంకలు, తొడలు ఎర్రగా ఒరిసిపోయి, నీళ్ళు తగిలితే చాలు గుక్కపట్టి ఏడ్చేదంట. కన్నతల్లి గదా, ఆ ఏడుపు వింటే ప్రాణం గిలగిలలాడేది. దాంతోపాటు పక్క గదిలో ఆ బిడ్డ కేరింతలు వింటే వొళ్ళు మండేది. రెండూ నిజమేనమ్మా, ఒకటి చెప్పి ఒకటి దాచేదేముంది? సున్నిపిండి మాత్రం అత్తే విసిరేది. పెసలూ శెనగపప్పూ పసుపుకొమ్మూ కలిపి ఒకే తిరగల్లో విసిరి, చెరో గిన్నెలో పోసేది. పున్నమ్మ పొద్దునోసారి, సాయంత్రమోసారి బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకోని, పిడికిళ్ళకి పిడికిళ్ళు పిండి పెట్టి రుద్దేదంట. ఏమంటే, చెంచులు బిడ్డ కంటే తన బిడ్డ నిగ్గు తేలాలంట! "పసికూన తోలే అది, ఉల్లిపొర లాగుంటది. పిండి తగ్గించవే" అని అత్త చెప్తే, ఈమెకెట్టా వినబడిందో చూడండి. "చూశావా, నా పిల్లకి పిండి కూడా దండగ అంట!" అనుకోని ఇంకో పిడికెడు పెట్టి రుద్దిందంట. నవ్వుతున్నారు గానీ, ఏమే నాగరత్నం, మీ ఇంట్లో లేరా ఇట్టాంటోళ్ళు?

ఒకరోజు చెంచులు గుడ్డలుతకడానికి కాలవకి పోయిందంట. ఇదే సందని పున్నమ్మ ఆ గదిలో దూరి పిండిగిన్నె మూత తీసింది. తీస్తే, గిన్నె నిండా ఉంది పిండి. అంతే, తల తిరిగిపోయిందనుకో. "నాది ఎప్పుడో అడుగంటింది, దీనికి మాత్రం తొణికేదాకా పోసిందే ముసల్ది! ఏదో మందువేరు కూడా కలిపుంటది, లేకపోతే ఆ నునుపు ఎట్టా వస్తది?" అని కొంగులో పోసుకోనొచ్చి, ఆ సాయంత్రమే తన బిడ్డకి పట్టించి రుద్దిందంట. తెల్లారి చూస్తే ఏముంది, బిడ్డ మెడకింద తోలు లేచి రసి కారతా ఉంది. పాలు కూడా పట్టకుండా ఏడస్తా ఉంది. అప్పుడన్నా పున్నమ్మకి బుద్ధొచ్చిందా? రాలా. పిండిలో లేదు, కిటుకంతా దాని చేతిలో ఉంది అనుకునిందంట. పోయి అత్త ముందర నిలబడి, "దానికేదో నేర్పావు, నాకు నేర్పలా. నా బిడ్డ ఏమైపోయినా నీకు పర్లేదు. ఇయ్యాల్టి నుంచి దాని పిల్లకి నేను నీళ్ళు పోస్తా, నా పిల్లకి దాన్ని పొయ్యమను. అప్పుడు బయటపడతది మీ బండారం" అనిందంట. చెంచులు హడలిపోయి, "అమ్మో, అక్క బిడ్డకి ఏమన్నా అయితే ఆమె నోట్లో పడి నేను బతకలేనత్తా" అంటే, బసవమ్మ పెద్దకోడలి మొహం అట్టనే చూసి చూసి, "నీళ్ళు పొయ్యిలేవే, అడిగింది గదా" అనిందంట.

ఇంక చూడండి తమాషా. చెంచులు భయం భయంగా గోరువెచ్చని నీళ్ళు జారవిడిచి, మడత మడతా విప్పి పాత మెత్తగుడ్డతో తడి అద్దేదంట. రుద్దితే ఎక్కడ కందుతదోనని పిండి జోలికే పోలా. అది తన బిడ్డకీ ఎప్పుడూ అంతే చేసేది. ఇక్కడ పున్నమ్మ, చెంచులు బిడ్డని కాళ్ళ మీద వేసుకోని, పిండి చేతిలోకి తీసుకోని ఆగిందంట. "నా రెక్కలు నొప్పెట్టుకోని దాని కూతురికి నేను మెరుగు పెట్టాల్నా? ఏం ఖర్మ!" అని పిండి మళ్ళా గిన్నెలో వేసి, ఉత్త నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి ఇచ్చేసేదంట. రోజూ ఇదే వరస. పున్నమ్మ బిడ్డకి మెడకింద పుండు మానింది, కొత్త తోలొచ్చింది, ఏడుపు ఆగింది. తన బిడ్డ చెంచులు చేతిలో బాగుపడితే ఈమె మనసు ఊరుకుంటదా? చెంచులు బిడ్డని ఎత్తుకోని అత్త దగ్గరికి పోయి, "చూడత్తా, నా చేతిలో ఎట్టా నిగనిగలాడతా ఉందో! దాని చెయ్యేనా చెయ్యి?" అనిందంట.

బసవమ్మ తమలపాకుకి సున్నం రాస్తా, "బాగుందే. ఇంతకీ ఏం రుద్దావు?" అనిందంట.

"ఏమీ రుద్దలా. పరాయి పిల్లకి ఎవరు రుద్దుతారు?"

"అట్టనా. అయితే రేపట్నుంచి నీ పిల్లని కూడా పరాయి పిల్లే అనుకోని పొయ్యవే నీళ్ళు."

ఇన్నాళ్ళూ ఆ మెడ, ఆ తొడలు ఒరిసింది ఎవరి చేత్తోనో పున్నమ్మకి అప్పుడు తెలిసొచ్చింది పాపం. తన బిడ్డని గుండెకి కరుచుకోని, "నేనేనా అమ్మా, నేనేనా" అని బోరున ఏడ్చిందంట. మర్నాడు పిండిగిన్నె అటకెక్కించి, ఉత్త నీళ్ళతో మెల్లంగా పోసింది. ఆ పిల్ల ఏం చేసిందనుకుంటున్నారు? పిన్ని చేతికి అలవాటు పడిపోయింది గదా, తల తిప్పి తిప్పి చెంచులు కోసం వెతికి, కనపడక కేరుమనిందంట. మళ్ళా రగిలింది పున్నమ్మకి! ఏం చేస్తామమ్మా, ఈ కుళ్ళుమోత్తనం చెమటకాయ లాంటిది. మెడకింద మానితే చంకలో లేస్తది. గీరకుండా ఉంటే దానంతటది పోద్దంట. ఉండేదెవరు? నేను మాత్రం ఇంతవరకు చూళ్ళా.