యూసుఫ్ సాబ్ చేసిన గడియ గిన్నె

ఆదోని పత్తి మార్కెట్ ఎదురుగా సారమ్మ టీ అంగడి. యూసుఫ్ సాబ్ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చిల్లుపడిన గిన్నెలకు మాట్లు వేసి కళాయి పూయడం ఆయన పని. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒక కాలేజీ మేడమ్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆ సంబరం కడుపులో పట్టడం లేదు.

"అశ్విని మేడమని, ఎమ్మిగనూరులో పాఠాలు సెప్తాది. గడియారాలు లేని కాలంలో పొద్దు ఎట్ల లెక్కగట్టిరో పిల్లోళ్లకు సూపీయాలంట. రాగిగిన్నె, అడుగున సూది బెజ్జం. తొట్టి నీళ్లలో ఇడిస్తే నిదానంగా నిండి ఇరవై నాలుగు నిమిషాలకు మునగల్ల. అదీ ఒక గడియ. ఒక్క దెబ్బ కొడితి, బెజ్జం పడె!"

"ఒక్క దెబ్బకేనా?" అన్నాడు కోసిగి నుంచి పత్తి తెచ్చిన బజారి అనే రైతు.

"సగం దెబ్బకే అప్పా! మిగతా సగం గాల్లోనే ఆపినా. ఆ తర్వాత ఏమాయెనో తెలుసా? మా వీధి కోళ్లన్నీ వచ్చి గిన్నె సుట్టూ కూసునె, మునిగినాకనే కూసేది. రైలు డ్రైవరు దిగొచ్చి, 'సాబ్, మీ గిన్నె మునగందే బండి కదిలీయను' అనె. అదంతా ఎందుకు, నిన్న తెల్లారుజామున గిన్నె నీళ్లలో ఏసేది మరిస్తి. పొద్దు కోట కొండెనకాలే నిలబడిపాయె! తల మాత్రం బయటపెట్టి, 'సాబ్, రావచ్చునా?' అనె."

"నిన్న నేను ఆరుకే అంగడి తెరిస్తినే, బాగా తెల్లారిండె గదా?" అంది సారమ్మ.

"నేను రమ్మన్నాకనే గదా తల్లీ!"

అప్పుడే ఆటో ఆగింది. అశ్విని దిగి, నిన్న సాయంత్రం తీసుకెళ్లిన తళతళలాడే గిన్నెను సంచిలోంచి తీసింది.

"భాయ్, ఆరింటికి నీళ్లలో వేశాను. ఎనిమిదైనా తేలుతూనే ఉంది. మధ్యాహ్నమే పిల్లల ముందు పెట్టాలి."

బజారి గిన్నె అందుకుని ఎండకెత్తి చూశాడు. "బెజ్జం యాడుంది సాబ్?"

యూసుఫ్ సాబ్ గిన్నె అడుగును వేలితో తడిమాడు. అందంగా ఉంటుందని చివర్లో కళాయి పూశాడు. ముప్పై ఏళ్లు చిల్లులు మూసిన చెయ్యి, అలవాటుగా దీన్నీ మూసేసింది.

"గిన్నె మునగందే పొద్దు కదలదంటివే!" బజారి పగలబడి నవ్వాడు. "అట్లయితే ఇంగా పొద్దున ఆరే. రాండప్పా, మళ్లీ పండుకుందాం!"

అంగడంతా ఘొల్లుమంది. యూసుఫ్ సాబ్ చెవులు ఎర్రబడ్డాయి. అశ్విని మాత్రం ఆయన పక్కనే కూర్చుంది. "పాతవాళ్లూ ఇట్లాంటివి ఎన్ని చెడగొట్టుకున్నారో భాయ్. అవి పుస్తకాల్లో దొరకవు. చేసి చూస్తేనే తెలిసేది."

ఆయన బెజ్జాలు తొలిచే సన్నటి బరమా తెప్పించుకున్నాడు. తొలిచాడు, నీళ్లలో వదిలాడు, మళ్లీ తొలిచాడు. చివరికి సారమ్మ తొట్టిలో గిన్నె నిదానంగా నిండి, బుడుంగుమని మునిగింది. అశ్విని ఫోన్ చూసి, "ఇరవై నాలుగు!" అంది.

యూసుఫ్ సాబ్ బెంచీ మీంచి ఎగిరి గంతేశాడు.

"సొంత సరుకు మునిగిపోతే ఇంత సంబరపడే మనిషిని నిన్నే సూసినా సాబ్," అంది సారమ్మ.