రెండో సీసా

తొత్తోరి కొండవాలు, మే నెల మధ్యాహ్నం. బేరి తోటలో చెరో నిచ్చెన మీద అత్త కినుయె, కోడలు తొమోయె.

“నీ కత్తెర చప్పుడు ఆగింది. ఏమైందే తొమోయె?”

“ఏం లేదు అత్తయ్యా. ఈ గుత్తిలో ఎనిమిది పిందెలున్నాయి.”

“ఉంటే? మూడోదో నాలుగోదో ఉంచి మిగతావి కత్తిరించు. మూడో ఏడు కదా, ఇంకా చెప్పాలా?”

“పక్క గుత్తిలోనూ ఎనిమిదే.”

“కాయ నిలిచిందని మొహం వేలాడేసే కోడల్ని నిన్నే చూస్తున్నా.”

“వేలాడెయ్యలేదు. ఈ వరసకి పుప్పొడి అద్దింది నేను కదా, సరిగ్గా అంటలేదేమో అనుకున్నా.”

“అనుకున్నావా?”

“అంటే... భయపడ్డా.”

“బాగానే అంటింది. ఈక కుచ్చు పట్టుకుని పువ్వు పువ్వునీ పలకరించావు. సోహెయ్ కూడా మెచ్చుకున్నాడు. నా కొడుకు పెళ్ళాన్ని మెచ్చుకోవడం ఏడాదికోసారి.”

“ఈసారి తేనెటీగలేమైనా ఎక్కువ వచ్చాయా?”

“ఆ వానలోనా?”

“పోనీ, అవతలి తోట నుంచి గాలికి...”

“అవతలివీ మన ‘ఇరవయ్యో శతాబ్దం’ రకం బేరిలే. అదే పచ్చతొక్క, అదే పుప్పొడి. సొంత రకం పుప్పొడికి ఈ చెట్టు కాయదు. నువ్వొచ్చిన వారానికే చెప్పా కదూ?”

“చెప్పారు. గోధుమతొక్క చొజూరో రకం పుప్పొడి అద్దాలన్నారు.”

“జాతి ఒకటే, రకం వేరు కావాలి. నోట్సులో కూడా రాసుకున్నావుగా? ఆ వ్యవసాయ శాఖాయన చెబుతుంటే. మనది ఇసుక బేరి, చైనా వాళ్ళది తెల్ల బేరి, ఇంకోటేదో మంచు దేశానిది...”

“ఉస్సూరి బేరి.”

“అదే. ఎంత శ్రద్ధో అనుకున్నా. ఇంతకీ నువ్వు అన్నీ వదిలేసి, కాయ నిలవకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగావు ఆయన్ని.”

“ఊరికే అడిగాను.”

“ఊరికే. ఊ. కత్తిరించు మరి.”

“కత్తిరిస్తున్నా.”

“అక్టోబరుకి బోలెడు కాయ మిగులుతుంది. మచ్చ పడ్డవి తురిమి అందులో మాంసం నానబెడదాం. నీ దగ్గుకి అల్లం వేసి కాచిస్తా. పోయిన చలికాలం దాంతోనే కదా తగ్గింది?”

“అక్టోబరుకి నేను...”

“నువ్వు?”

“ఏం లేదు.”

“కొబె పట్నంలో కళ్ళద్దాల షాపు వాళ్ళు నీ ఉద్యోగం ఎప్పటిదాకా ఉంచుతామన్నారు?”

“మీకెవరు చెప్పారు?”

“సోహెయ్. ఈ ఏడు కాయ రాకపోతే చెట్లు కొట్టేసి కొబె వెళ్ళిపోదామని నీకు మాటిచ్చాడట కదా. వస్తే మాత్రం ఇంక ఆ మాట ఎత్తొద్దన్నాడట.”

“సెప్టెంబరు దాకా ఉంచుతామన్నారు.”

“అయ్యో.”

“అయ్యో అనకండి అత్తయ్యా. ఆ గొంతుతో అనకండి.”

“ఏ గొంతుతో?”

“నాకిక్కడ ఊపిరాడట్లేదు. కొమ్మ కత్తిరింపు, పువ్వు, పిందె, కాగితం సంచీ, కోత, మళ్ళీ కొమ్మ కత్తిరింపు. ఒక్క కాయకి రెండుసార్లు సంచీ తొడుగుతాం. నాకు ఒక్క పూట సెలవు లేదు. మీ అబ్బాయి మంచివాడు, మీరు మంచివాళ్ళు, అందుకే అడగలేకపోయాను. అందుకే...”

“అందుకే?”

“పుప్పొడి సీసాలో పొడి నేనే మార్చాను.”

“ఊ.”

“ఊ ఏంటి? విన్నారా? మన చెట్ల మొగ్గలే కోసి, పుప్పొడి తీసి అటక మీద ఆరబెట్టా. అద్దిన పువ్వు తెలియడానికి ఎప్పుడూ కలిపే ఎర్రపొడే కలిపి సీసాలో పోశా. చొజూరోది కాలవలో పారబోశా. ఈ వరసలన్నిటికీ మన చెట్ల పుప్పొడే అద్దాను. ఒక్క పిందె కూడా నిలవకూడదు అత్తయ్యా. ఎలా నిలిచాయి?”

“అటక మీదా? బేరి పువ్వు వాసన ఎక్కడ దాగుతుందే. ఇల్లంతా ఎండుచేపల్లాంటి కంపు.”

“మీకు తెలుసా?”

“నువ్వు అన్నానికి కూర్చున్నప్పుడు సీసా ఖాళీ చేసి మంచిది పోశా.”

“మంచిది ఎక్కడిది? నేను మొత్తం పారబోశాను కదా.”

“ఫ్రిజ్‌లో, మీసో సోయా ముద్ద డబ్బా అడుగున, రెండో సీసా ఉంటుంది. ఏటా ఉంటుంది.”

“ఒక్క మాట అనాల్సింది నాతో. తిట్టాల్సింది. నెలరోజులు నవ్వుతూ వడ్డించారు.”

“తిడితే వెళ్ళిపోయేదానివి.”

“నేను రాకముందు నుంచీ దాస్తున్నారా ఆ సీసా?”

“నలభై ఏళ్ళుగా. మా అత్తగారు దాచేది, ఆవిడ పోయాక నేను.”

“అంత అపనమ్మకమా ఈ ఇంట్లో? ఎవరి మీద?”

“కత్తెర జారిపోతోంది, పట్టుకో.”

“చెప్పండి అత్తయ్యా. ఎవరి మీద?”

“నా పెళ్ళయిన మూడో వసంతం, ఇదే వరసకి, నేనూ సీసాలో పొడి మార్చి మన చెట్ల పుప్పొడే అద్దాననుకున్నా. ఆ ఏడు కూడా గుత్తికి ఎనిమిది నిలిచాయి.”