ఉల్రిక్ దగ్గరికెళ్ళిన బక్కెట్టు

1868, నవంబరు, మిల్వాకీ. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, బవేరియా నుంచి వచ్చి బీరు కార్ఖానా పెట్టిన ఓత్మార్, అతని భార్య వాల్బుర్గా వంటింట్లో ఉన్నారు.

"మళ్ళీ అడుగుతున్నా. మూత బక్కెట్టు పట్టుకుని ఉల్రిక్ కార్ఖానాకి ఎందుకెళ్ళావు?"

"ఏ బక్కెట్టు?"

"ఏ బక్కెట్టా! పీపాలు చేసే కిలియన్ ఇవాళ చర్చి మెట్ల మీద చెప్పాడు. ఉల్రిక్ గేటు దగ్గర నిన్ను కళ్ళారా చూశాట్ట."

"ఆ ముసలాయనకి పదడుగుల అవతల గుర్రమే కనపడదు."

"నువ్వు కనపడ్డావుగా!"

"అబ్బ, సూపు చల్లారిపోతోందయ్యా. అవతల గదిలో పనివాళ్ళు పన్నెండు మంది బల్ల దగ్గర కూర్చున్నారు."

"కూర్చోనీ. నా కళ్ళలోకి చూసి చెప్పు. బక్కెట్టులో ఏముంది?"

"ఏముంటుంది... ఈస్టు."

"నా ఈస్టే!"

"అరవకు."

"మా నాన్న ఈస్టు! నలభై రోజులు ఓడలో, నా వాటా నీళ్ళతో గుడ్డ తడిపి చుట్టి, గుండెకి కట్టుకుని తెచ్చా. బీరుకి ఆ తోడు లేకపోతే ఈ కార్ఖానా ఎక్కడిది?"

"తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నా."

"దాన్ని తీసుకెళ్ళి వాడికా! నా దగ్గర పని నేర్చుకుని, నా ఎదురుగానే కార్ఖానా పెట్టినవాడికా!"

"మీ ఊళ్ళో ఈస్టు అడిగితే బీరు కాచేవాడెవడూ లేదనడని నువ్వే చెప్పేవాడివి."

"అది మా ఊళ్ళో. ఇక్కడ కాదు. వాడొచ్చి అడిగితే మొహం మీదే తలుపేశా. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నా. సిగ్గుతో చచ్చిపోయా. అప్పుడు వాడి తొట్లలో ఈస్టు చెడిపోయి బీరంతా కాలవలో పోస్తున్నారు. వాడి పెళ్ళాం నిండు చూలాలు. అందుకే ఇచ్చా."

"ఒప్పుకున్నావు!"

"ఒప్పుకున్నా. ఆరేళ్ళ కింద, ఒక్కసారి."

"ఆరేళ్ళేంటి? కిలియన్ చూసింది మొన్న ఆగస్టులో!"

"తప్పుకో, సూపు వడ్డించాలి."

"సూపు తర్వాత! ఒక్కసారి ఇస్తే చాలుగా, అది పెరిగేదేగా! మళ్ళీ ఎందుకెళ్ళావు? ఈస్టు కోసం కాదన్నమాట. వాడి కోసమా?"

"ఛీ! నోరు కడుక్కో. ఆగస్టులో నువ్వెక్కడున్నావు?"

"షికాగోలో. బీరు బేరానికి. మాట మార్చకు."

"మార్చట్లేదు. ఐసు అయిపోతోంది, వెంటనే రమ్మని మనిషిని పంపా. వారం ఆగమన్నావు."

"అయితే?"

"నేలమాళిగలో ఒక్క ఐసుగడ్డ మిగల్లేదు. ఆ వేడికి నీ ఈస్టు కుళ్ళిపోయింది, ఓత్మార్. ఏడ్చుకుంటూ నా చేత్తో నేనే పారబోశా."

"అబద్ధం! ఆ తర్వాత కాచిన బీరు మొన్న తాగానే! అదే రుచి, అదే నురగ. నా నాలుక నాకు తెలీదా?"

"తెలుసు. ఆ రోజు బక్కెట్టు ఇక్కణ్ణుంచి ఖాళీగా వెళ్ళింది. ఆరేళ్ళ కింద నేనిచ్చిన మీ నాన్న ఈస్టునే ఉల్రిక్ దాన్నిండా పోసిచ్చాడు, తలుపెయ్యకుండా."